ఊడ దిగే చోటు

కదిరి నుంచి మదనపల్లెకు పోయే దారిలో తనకల్లు వస్తుంది. రోడ్డుకు రెండు పక్కలా ఎర్రనేల, గుండ్లు తేలిన గుట్టలు, వానలు కాస్త కరుణిస్తే శెనక్కాయ చేలు. వేరుశనగ అనేది పుస్తకాల మాట, ఈ వైపు అందరికీ అది శెనక్కాయే. ఈ చెట్టుకు ఒక విచిత్రమైన గుణం ఉంది. పువ్వు నేల మీద పూస్తుంది, కాయ నేల లోపల కాస్తుంది. పువ్వు వాడిపోయాక దాని మొదలు నుంచి సన్నటి కాడ ఒకటి కిందికి సాగి మట్టిలోకి దూరుతుంది. దాన్ని ఊడ అంటారు. ఊడ మట్టిలోకి దిగితేనే దాని కొన ఉబ్బి కాయ అవుతుంది.

గుల్లగా ఉండే ఎర్రనేలలో ఊడ సులువుగా దిగుతుంది. ఎండితే రాయిలా బిగిసే రేగడినేలలో విత్తనం అదే, ఆకు అదే, పూత అదే. ఊడ మాత్రం దిగడానికి కష్టపడుతుంది. దిగినా, చెట్టు పెరికేటప్పుడు కాయలు మట్టిలోనే తెగి మిగిలిపోతాయి. చేను గట్టున నిలబడి చూసేవాళ్లకు ఈ తేడా కనిపించదు.

కంప్యూటర్ ప్రోగ్రాములకూ ఊడలుంటాయి. ఒక రన్‌టైమ్ మీద పుట్టి పెరిగిన వెబ్ ఫ్రేమ్‌వర్క్ కొత్త వెర్షన్‌ను ఇంకొక రన్‌టైమ్ మీద నడపాలని చూసినప్పుడు ఆ ఊడలన్నీ బయటపడతాయి. ఈ అధ్యాయంలో చెప్పబోయేది అలాంటి ఒక ప్రయత్నం కథ. అందులో అనంతపురం జిల్లా మూలాలున్న ఒక మనిషి కూడా కనిపిస్తారు.

విత్తనం, నేల

తనకల్లులో కాటా పెట్టి శెనక్కాయలు కొనే వ్యాపారి ఒకాయన ఉన్నాడనుకుందాం. మూటలు తూచి రైతుకు చీటీ రాసిస్తాడు. ఆ చీటీలను కాగితం మీద కాకుండా ఒక చిన్న వెబ్‌సైటులో రాయాలని ఆయన కూతురు పూనుకుంది. రైతు పేరు, మూటల లెక్క, తూకం, తరుగు, ధర, తూచిన వేళ. కావలసింది ఇంతే.

ఈ పనిలో ఆమె సొంతంగా ఆలోచించి రాయాల్సింది కొంచెమే. బ్రౌజర్ పంపిన కోరికను చదవడం, అది ఏ పేజీ కోసమో తేల్చుకోవడం, ఫారంలో నింపినవి తీసుకోవడం, లాగిన్ సరిచూడడం, డేటాబేసులో దాచడం, పేజీ తయారుచేసి తిరిగి పంపడం ఏ వెబ్‌సైటుకైనా ఒకే తీరుగా ఉంటాయి. ఈ ఉమ్మడి పనులన్నిటినీ ముందే రాసి పెట్టిన సరంజామానే వెబ్ ఫ్రేమ్‌వర్క్ అంటారు. మైక్రోసాఫ్ట్ తయారుచేసిన ఏఎస్‌పీ డాట్ నెట్ అలాంటిది. దాన్ని వాడేవాళ్లు ఎక్కువగా సీ షార్ప్ భాషలో రాస్తారు.

సీ షార్ప్‌లో రాసిన ప్రోగ్రామును కంపైలర్ నేరుగా యంత్రం భాషలోకి మార్చదు. ముందు ఒక మధ్యభాషలోకి మారుస్తుంది. ఆ మధ్యభాషను ప్రోగ్రాము నడిచే సమయంలో చదివి, ఆ కంప్యూటర్ ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చేది రన్‌టైమ్. దాని పని అంతటితో అయిపోదు. ప్రోగ్రాముకు మెమరీ కేటాయిస్తుంది, వాడకం తీరిన మెమరీని ఊడ్చి వెనక్కి తీసుకుంటుంది, ఫైలు తెరిచి ఇస్తుంది, గడియారం చూసి వేళ చెబుతుంది. ఫ్రేమ్‌వర్క్ విత్తనమైతే రన్‌టైమ్ నేల.

మధ్యభాష అంటూ ఒకటి ఉండడం వల్ల ఒక పెద్ద అవకాశం పుట్టింది. ఆ భాష నియమాలు తెలిసినవాళ్లు ఎవరైనా సొంతంగా రన్‌టైమ్ రాయొచ్చు. ఆ నియమాలను 2001 డిసెంబరులో ఎక్మా అనే ప్రమాణాల సంస్థ ఆమోదించింది, ఆ పత్రం ఎవరైనా చదువుకునేలా బయట ఉంది.

కోతి పేరు పెట్టుకున్న రన్‌టైమ్

ఆ నియమాల ఆధారంగా పనికి దిగినవాళ్లలో మొదట చెప్పుకోవలసిన వ్యక్తి మెక్సికోకు చెందిన మిగెల్ దె ఇకాజా. విండోస్‌కే పరిమితమై ఉన్న డాట్ నెట్‌ను లినక్స్ మీద నడపాలని 2001లో ఆయన మోనో ప్రాజెక్టు మొదలుపెట్టాడు. మోనో అంటే స్పానిష్‌లో కోతి. మూడేళ్ల తరువాత, 2004 జూన్ 30న, మోనో 1.0 విడుదలైంది.

భాషకూ మధ్యభాషకూ ప్రమాణపత్రం ఉంది. వెబ్ ఫ్రేమ్‌వర్క్‌కు లేదు. ఏఎస్‌పీ డాట్ నెట్ మొత్తం సిస్టమ్ డాట్ వెబ్ అనే ఒక పెద్ద లైబ్రరీలో ఉండేది. విండోస్‌లోని ఐఐఎస్ అనే వెబ్ సర్వరుతో అది పెనవేసుకుపోయింది. మోనో బృందానికి దాని లోపలి కోడ్‌ను వాడుకునే వీలు లేదు. కాబట్టి అది బయటికి ఎలా ప్రవర్తిస్తుందో గమనించి, డాక్యుమెంటేషన్ చదివి, మొత్తాన్ని తిరిగి రాశారు. ఐఐఎస్ బదులు ఎక్స్‌ఎస్‌పీ అనే చిన్న సర్వరును, అపాచీతో కలిసి పనిచేసే ఒక మాడ్యూలునూ తయారుచేసుకున్నారు.

ఇది ఎడతెగని పని. అవతలివైపు కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ఇవతల మళ్లీ గమనించాలి, మళ్లీ రాయాలి. పరుగులో ఎప్పుడూ వెనకే ఉండాల్సిన స్థితి. ఓపికతో, పట్టుదలతో వాళ్లు ఏళ్ల తరబడి ఆ పని చేశారు. ఆ శ్రమ విలువ 2014లో తెలిసొచ్చింది.

2014

2014 ఫిబ్రవరి 4న సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈవో అయ్యారు. ఆయన పుట్టి పెరిగింది హైదరాబాదులో, చదివింది బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో. తండ్రి బి.ఎన్. యుగంధర్ గారు ఐఏఎస్ అధికారిగా, తరువాత ప్రణాళికా సంఘం సభ్యుడిగా దేశమంతటా పేరు తెచ్చుకున్నవారు. ఆయన ఇంటిపేరుకు ముందున్న ‘బి’ బుక్కాపురం. అనంతపురం జిల్లాలోని ఆ ఊరే ఆ కుటుంబపు సొంతూరు.

సోర్స్ కోడ్‌ను తెరిచిపెట్టే దారి మైక్రోసాఫ్ట్‌లో నాదెళ్లతోనే మొదలుకాలేదు. ఏఎస్‌పీ డాట్ నెట్‌లోని ఎంవీసీ భాగం 2012 నాటికే అందరికీ తెరిచి ఉంది. అయినా ఆ దారి రహదారి అయింది ఆయన పగ్గాలు పట్టిన ఏడాదే. ఏప్రిల్‌లో సీ షార్ప్ కొత్త కంపైలర్ రోజ్లిన్ సోర్స్ కోడ్‌ను ఒక సభావేదిక మీద నుంచే మైక్రోసాఫ్ట్ ఇంజనీరు ఆండర్స్ హెయిల్స్‌బర్గ్ విడుదల చేశారు. మే నెలలో ఏఎస్‌పీ డాట్ నెట్ వీనెక్స్ట్ పేరుతో ఫ్రేమ్‌వర్క్ కొత్త రూపం బయటికొచ్చింది. నవంబరు 12న, డాట్ నెట్ సర్వరు భాగమంతా ఓపెన్ సోర్స్ అవుతుందనీ, లినక్స్ మీదా మాక్ మీదా నడుస్తుందనీ డెవలపర్ విభాగం అధిపతి ఎస్. సోమసేగర్ ప్రకటించారు.

వీనెక్స్ట్‌లో అసలు విశేషం సిస్టమ్ డాట్ వెబ్‌ను వదిలేయడం. పన్నెండేళ్లుగా మోస్తూ వచ్చిన పెద్ద మూటను దించి, ఫ్రేమ్‌వర్క్‌ను చిన్నచిన్న ప్యాకేజీలుగా విడగొట్టారు. ఎవరికి కావలసినవి వాళ్లు నెట్ నుంచి తెచ్చుకుంటారు. ఐఐఎస్ తప్పనిసరి కాదు. ఇప్పుడు అదే ఫ్రేమ్‌వర్క్ సోర్స్ కోడ్ మోనో మీద కూడా నడవగలదు, వెనక నుంచి చూసి తిరిగి రాయాల్సిన పని లేదు. మైక్రోసాఫ్ట్ సొంత లినక్స్ రన్‌టైమ్ అప్పటికి ఇంకా సిద్ధం కాలేదు. కాబట్టి ఆ తొలినాళ్లలో లినక్స్ మీద, మాక్ మీద వీనెక్స్ట్‌ను చూడాలనుకున్నవాళ్లకు ఉన్న నేల మోనో ఒక్కటే.

ఊడ దిగని చోట్లు

మన తనకల్లు అమ్మాయి చీటీల సైటును విండోస్ కంప్యూటర్లో రాసి, అప్పటి పద్ధతిలో లినక్స్ మీద మోనోతో నడపాలని కూర్చుందనుకోండి. ఆమెకు ఒకదాని తరువాత ఒకటిగా ఏమేమి ఎదురయ్యేవో దగ్గరగా చూద్దాం.

ముందుగా ‘కేపీఎం రీస్టోర్’ అనే ఆదేశం ఇవ్వాలి. సైటుకు కావలసిన ప్యాకేజీలన్నిటినీ అది నెట్ నుంచి తెచ్చిపెడుతుంది. తాజాగా పెట్టుకున్న మోనో మీద ఆ ఆదేశం మొదటి అడుగులోనే ఆగిపోయేది, సర్టిఫికెట్ నమ్మదగినది కాదంటూ. ఆమె కోడ్‌లో తప్పు లేదు, అవతలి సర్వరులోనూ తప్పు లేదు. పట్టాదారు పాసుపుస్తకం మీద ఉన్న ముద్ర అసలుదో నకిలీదో చెప్పాలంటే అసలు ముద్ర ఎలా ఉంటుందో చూసేవారికి ముందే తెలిసి ఉండాలి కదా. నెట్‌లోనూ అంతే. భద్రమైన సైటు చూపించే సర్టిఫికెట్‌ను నమ్మాలంటే దాని మీద సంతకం చేసిన మూలసంస్థల జాబితా కంప్యూటర్ దగ్గర ఉండాలి. విండోస్ ఆ జాబితాను తనతోనే తెచ్చుకుంటుంది. మోనో సొంత జాబితా మొదట ఖాళీగా ఉండేది. ‘మోజ్‌రూట్స్’ అనే పనిముట్టుతో మొజిల్లా సంస్థ జాబితాను దింపుకుంటే తప్ప పని ముందుకు సాగేది కాదు. మూలసంస్థల జాబితా ఉంటుందన్న ఊహ ప్రోగ్రాములో ఎక్కడా రాసి లేదు. విండోస్ మీద అది ఎప్పుడూ ఉంది కాబట్టి దాన్ని రాయాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు.

ప్యాకేజీలు వచ్చాయి. ఇక సైటును నడపాలి. ఐఐఎస్ లేని చోట ఆ పని చేయడానికి కెస్ట్రెల్ అనే కొత్త సర్వరు రాశారు. అది నెట్‌వర్క్ పనులకు లిబ్‌యూవీ అనే లైబ్రరీని వాడుకునేది. నోడ్ జేఎస్ కోసం పుట్టిన ఆ లైబ్రరీ సీ భాషలో ఉంది, అంటే నేరుగా యంత్రం భాషలోకి మారేది, రన్‌టైమ్ కాపుదలలో లేనిది. విండోస్‌కు సిద్ధంగా తయారైన ప్రతి దొరికేది. లినక్స్ మీద ఆమె దాని సోర్స్ కోడ్ దింపుకుని, అక్కడే కంపైల్ చేసి, సర్వరుకు కనిపించే చోట పెట్టాలి. మధ్యభాష ఎంత పోర్టబుల్ అయినా, దాని అడుగున యంత్రాన్ని తాకే చోట ఇలాంటి ఒక ముక్క ఉండనే ఉంటుంది.

సర్వరు లేచింది, 5004 పోర్టు మీద వింటోంది. బ్రౌజర్లో పేజీ తెరిస్తే, పేజీ దొరకలేదని జవాబు. ఫోల్డరులో చూస్తే ఫైలు కళ్లెదుటే ఉంది. ఇక్కడి మెలిక మన తెలుగువాళ్లకు కొత్తగా తోస్తుంది, మన లిపిలో పెద్దబడి, చిన్నబడి అన్న తేడానే లేదు కాబట్టి. ఇంగ్లిషులో ఉంది. ఫైలు పేరు మొదటి అక్షరాన్ని కోడ్‌లో పెద్దబడిలో రాసి, డిస్కు మీద చిన్నబడిలో పెడితే విండోస్ రెండూ ఒకటేనని ఒప్పుకుంటుంది. లినక్స్‌కు అవి రెండు వేరువేరు పేర్లు. విండోస్ నుంచి వచ్చిన ప్రోగ్రాములలో ఈ చిక్కు ఎంత తరచుగా వచ్చేదంటే, మోనో బృందం దీనికోసమే ‘ఐయోమ్యాప్’ అనే ఒక సెట్టింగు పెట్టింది. దాన్ని ఆన్ చేస్తే ఫైలు పేర్లలో పెద్దబడి చిన్నబడి తేడాను మోనో పట్టించుకోదు. అది అప్పటికి గండం గట్టెక్కించే ఉపాయమే. అసలైన మందు ఫైలు పేరునూ, కోడ్‌లో దాన్ని పిలిచిన పేరునూ ఒకే తీరున రాయడం.

చివరిగా గడియారం. చీటీ మీద తూచిన వేళ ఉండాలి. మన దేశ సమయం కావాలని విండోస్‌ను అడిగేటప్పుడు ‘ఇండియా స్టాండర్డ్ టైమ్’ అనే పేరు చెప్పాలి. లినక్స్ దగ్గర ఆ పేరుతో ఏమీ లేదు. దాని జాబితాలో మన సమయానికి ‘ఏషియా/కోల్‌కతా’ అని పేరు. కాబట్టి విండోస్‌లో చక్కగా నడిచిన వాక్యం లినక్స్‌లో అలాంటి టైమ్ జోన్ లేదంటూ విరిగిపోతుంది. ఆమె అసలు టైమ్ జోన్ పేరే చెప్పకుండా యంత్రం గడియారాన్నే నమ్ముకుని ఉంటే ఇంకా ప్రమాదం. ఎక్కడా ఎర్రర్ రాదు. సర్వరు యూటీసీ అనే ప్రామాణిక వేళలో ఉంటే పొద్దున 11 గంటలకు తూచిన మూటల చీటీ మీద తెల్లవారి 5.30 అని పడుతుంది. విరిగిన ప్రోగ్రాము మనకు చెప్పి విరుగుతుంది. తప్పు వేళ వేసిన చీటీ చెప్పకుండా రైతు జేబులోకి పోతుంది. ఈ రెండు రకాల పేర్లనూ ఒకేలా అర్థం చేసుకునే ఏర్పాటు డాట్ నెట్‌లోకి రావడానికి 2021లో ఆరో వెర్షన్ దాకా పట్టింది.

ఈ నాలుగు చిక్కుల్లో ఒక్కటైనా సీ షార్ప్ వ్యాకరణానికి సంబంధించినది కాదు. భాష సరిగ్గా ఉంది, మధ్యభాష సరిగ్గా ఉంది. ఆకు, పూత రెండు నేలల మీదా ఒకటే. ఊడ మట్టిని తాకే చోటే తేడా వచ్చింది.

రూబీ వాళ్ల అనుభవం

ఇదే కథ ఇంకో భాషలోనూ జరిగింది. రూబీ భాషలో రాసిన రైల్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ను జావా యంత్రం మీద నడిచే జేరూబీలో నడపాలని చార్ల్స్ నటర్, థామస్ ఎనెబో ఏళ్ల తరబడి పనిచేశారు. 2006లో సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్లిద్దరినీ ఆ పనికోసమే ఉద్యోగంలోకి తీసుకుంది. 2007లో జేరూబీ 1.0 వచ్చింది. వాళ్లకు అడ్డుపడినదీ భాష కాదు. రూబీ లైబ్రరీలలో చాలావాటికి అడుగున సీ భాష ముక్కలుంటాయి, అవి జావా యంత్రం మీద నడవవు. అందుకని డేటాబేసుతో మాట్లాడే భాగాన్ని జావా పద్ధతిలో వేరుగా రాసుకున్నారు. రైల్స్ కొత్త వెర్షన్ వచ్చి డేటాబేసు పొర లోపలి అమరిక మారిన ప్రతిసారీ ఆ భాగాన్ని తిరిగి సరిచేసుకోవాల్సి వచ్చేది.

రూబీకి మొదట్లో ప్రమాణపత్రం అంటూ ఏదీ లేదు. అసలు రూబీ ఎలా నడిస్తే అదే రూబీ. రెండో రన్‌టైమ్ రాసేవాళ్లకు అది చాలదు. రూబీనియస్ అనే మరో రన్‌టైమ్ బృందం రూబీలోని ఒక్కొక్క ప్రవర్తననూ ఒక్కొక్క చిన్న పరీక్షగా రాస్తూ పోయింది. ఆ పరీక్షల రాశి రూబీస్పెక్ అయింది, జేరూబీ బృందమూ దాన్ని వాడుకుంది. అప్పటిదాకా అలవాటుగా ఉన్నది రాతలోకి వచ్చింది.

రెండో నేల ఎందుకు

రెండో నేలలో నాటి చూడడం ఎందుకో తనకల్లు రైతులకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. పక్కనే కదిరిలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. ఈ ప్రాంతంలో దశాబ్దాల పాటు రాజ్యమేలిన టీఎంవీ 2 రకం తమిళనాడులోని తిండివనం నుంచి వచ్చింది. తరువాత ఇక్కడి పొలాల్లోకి వచ్చిన కె 6, కదిరి లేపాక్షి రకాలు కదిరిలోనే పుట్టాయి. అయితే పరిశోధన స్థానం మళ్లలో బాగా పండిందని ఏ రకాన్నీ నేరుగా రైతు చేతికి ఇవ్వరు. వేరువేరు నేలల్లో, వేరువేరు వానల్లో, వేరువేరు చోట్ల నాటి చూస్తారు. ఒక్క మడిలోనే పండిస్తే ఆ దిగుబడి విత్తనం బలమో నేల బలమో తేల్చలేం. రెండో నేలలో నాటినప్పుడే విత్తనానికి సొంతమైన గుణం ఏదో, నేల దగ్గర అరువు తెచ్చుకున్నది ఏదో విడివడి కనిపిస్తుంది.

ప్రత్యామ్నాయ రన్‌టైమ్ విలువ నాకు ఇక్కడే కనిపిస్తుంది. అది ఉండడం వాడేవాళ్లకు ఇంకో ఎంపిక దొరకడం మాత్రమే కాదు. ఫ్రేమ్‌వర్క్ రాసేవాళ్లకు తాము ఇచ్చిన మాట ఏదో, అనుకోకుండా కుదిరిన అలవాటు ఏదో అది చెబుతుంది. మోనో మీద విరిగిన ప్రతి చోటా వీనెక్స్ట్ బృందానికి ఒక ప్రశ్న ఎదురైంది. ఇది మోనో తప్పా, లేక విండోస్ మీద మనం తెలియకుండా ఆనుకున్న గోడా? ఆ గోడలను ఒక్కొక్కటిగా వదులుకుంటూ వచ్చారు కాబట్టే ఆ తరువాతి అడుగు పడగలిగింది.

2015 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సొంత రన్‌టైమ్ కోర్‌సీఎల్ఆర్ సోర్స్ కోడ్ బయటికొచ్చింది. 2016 జనవరిలో కొత్త ఫ్రేమ్‌వర్క్ పేరు ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్‌గా స్థిరపడింది. ఆ ఏడాది జూన్ 27న 1.0 వెర్షన్ విడుదలైంది, విండోస్, లినక్స్, మాక్ మూడింటి మీదా ఒకే రన్‌టైమ్‌తో. సర్వరుల మీద మోనో పని అప్పటికి తీరింది. అంతకుముందే, 2016 ఫిబ్రవరిలో, మోనోను పోషిస్తున్న జామరిన్ కంపెనీని మైక్రోసాఫ్ట్ కొన్నది.

మోనో అంతటితో మట్టిలో కలిసిపోలేదు. చిన్నదిగా, ఎక్కడికైనా తీసుకుపోగలిగేలా ఉండడం దాని సొంత గుణం. 2020 మేలో వచ్చిన బ్లేజర్ వెబ్‌అసెంబ్లీ ఆ గుణాన్నే వాడుకుని మోనో రన్‌టైమ్‌ను బ్రౌజర్ లోపలికి తెచ్చింది. ఇప్పుడు సీ షార్ప్ ప్రోగ్రాము సర్వరులోనే కాదు, చేతిలోని ఫోన్ బ్రౌజర్లోనూ నడుస్తుంది. మొదటి మోనో ప్రాజెక్టును 2024 ఆగస్టులో వైన్ అనే ప్రాజెక్టు బృందానికి అప్పగించారు. దాని వారసత్వం డాట్ నెట్ సోర్స్ కోడ్ లోపల ఇంకా బతికే ఉంది.

తనకల్లు అమ్మాయి దగ్గరికి తిరిగి వద్దాం. ఈరోజు ఆమెకు విండోస్ లైసెన్సు అక్కర్లేదు. ఎవరో వాడి వదిలేసిన పాత ల్యాప్‌టాప్ మీద ఉచితంగా దొరికే లినక్స్ పెట్టుకుని, ఉచితంగా దొరికే డాట్ నెట్‌తో తన సైటును నడుపుకోవచ్చు. ఎవరి అనుమతీ అడగకుండా ఆ పని చేయగలగడం వెనుక, వెనకే పరుగెత్తాల్సి వచ్చినా పని ఆపని మనుషుల పదిహేనేళ్ల శ్రమ ఉంది. ఆమె తన వంతుగా చేయగలిగింది ఒకటి ఉంది. సైటు తన కంప్యూటర్లో నడిచింది కదా అని ఊరుకోకుండా, వేరే సిస్టమ్ ఉన్న ఇంకొక యంత్రం మీద ఒకసారి నడిపి, ఒక చీటీ వేసి, దాని మీది వేళను గోడగడియారంతో సరిచూడాలి.

పంట కోతకొచ్చిన రోజుల్లో ఈ ఊళ్లో రైతు చేసేది అదే. ఆకు పచ్చదనం చూసి దిగుబడి చెప్పడు. చేనులోకి నడిచి, ఒక చెట్టు పెరికి, మట్టి దులిపి, కాయలు లెక్కపెడతాడు. ఆ చేను ఇంకో మూలకు పోయి మరో చెట్టు పెరుకుతాడు.